బ్రౌజరు హెచ్చరిక: భద్రతా ధ్రువపత్రంలో లోపమెక్కడ?

ఇంటర్నెట్‌లో ఏదో ఒక కార్యాలయపు పుటను తెరవబోయిన వినియోగదారునికి ఒక్కొక్కప్పుడు ఆ పుట కానరాక, దాని స్థానంలో ఒక హెచ్చరిక ఎదురవుతుంది. ఈ కనెక్షన్ సురక్షితం కాదనీ, మీ సమాచారాన్ని ఇతరులు అపహరించే అవకాశం ఉన్నదనీ దాని సారాంశం. బ్రౌజరును బట్టి మాటలు మారుతాయి గాని భావం ఒక్కటే. వెనుకకు మరలమని చెప్పే పెద్ద మీట ఒకటి, దాని ప్రక్కనో అడుగుననో చిన్న అక్షరాలలో ‘అడ్వాన్స్‌డ్’ అనే మాట ఒకటి అక్కడ ఉంటాయి. ఆ చిన్న మాటను నొక్కి, హెచ్చరికను త్రోసిపుచ్చి లోనికి పోవడం మన దేశంలో ఎందరికో చేతనైన విద్య. ఇంటర్నెట్ కేంద్రాలలో ఒకరిని చూచి మరొకరు దానిని నేర్చుకొంటారు. అంతకంటె విచారకరమైన విషయం, కొన్ని కార్యాలయాలు తమ సూచన పత్రాలలో ఈ విద్యనే బొమ్మలతో సహా ప్రజలకు బోధించడం.

ఈ హెచ్చరిక దేనిని గురించి వచ్చినదో గ్రహించడం కష్టమేమీ కాదు. లోపం వినియోగదారుని కంప్యూటరులో ఉన్నదా, మధ్యనున్న నెట్‌వర్కులో ఉన్నదా, వెబ్‌సైటు నిర్వాహకుల వద్ద ఉన్నదా అనేది తేలితే కర్తవ్యం దానంతటదే స్పష్టమవుతుంది. మొదటిదానిని వినియోగదారుడే సరిచేసుకొనవచ్చు. తక్కినవి అతని చేతిలోనివి కావు. కాని అతడు ఏమి చేయకూడదో తెలుసుకొనడానికి ఆ వివేచన అవసరం.

ధ్రువపత్రం ఇచ్చే సాక్ష్యం

ఉద్యోగానికి దరఖాస్తు చేసే అభ్యర్థి తన మార్కుల పత్రం నకలుపై గెజిటెడ్ అధికారి సంతకం చేయించుకొనే ఆచారం మన దేశంలో చిరకాలం సాగింది. దరఖాస్తును పరిశీలించే గుమాస్తాకు అభ్యర్థి ఎవరో తెలియదు. ఆకుపచ్చ సిరాతో ఉన్న సంతకాన్ని, దాని క్రింది ముద్రను చూచి అతడు ఆ నకలును విశ్వసిస్తాడు. వెబ్‌సైటు భద్రతా ధ్రువపత్రం పనిచేసే తీరు దాదాపు ఇటువంటిదే. ఫలానా పేరుగల వెబ్‌సైటుకు ఫలానా బహిరంగ తాళంచెవి చెందుతుందని ఒక ధ్రువీకరణ సంస్థ సంతకం చేసి ఇచ్చే పత్రమది. దానికి జతయైన రహస్య తాళంచెవి ఆ వెబ్‌సైటు సర్వరులో మాత్రమే ఉండాలి. సర్వరు తన వద్ద ఆ రహస్య తాళంచెవి ఉన్నదని నిరూపించుకొన్న మీదటనే బ్రౌజరు దానితో గుప్త సంభాషణ ప్రారంభిస్తుంది.

అయితే ఆ ధ్రువీకరణ సంస్థను బ్రౌజరు ఏ ఆధారంతో నమ్ముతుంది? బ్రౌజరులోనో, కంప్యూటరును నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లోనో విశ్వసనీయ సంస్థల మూల ధ్రువపత్రాల పట్టిక ముందుగానే చేర్చబడి ఉంటుంది. మూల ధ్రువపత్రం గల సంస్థ వెబ్‌సైట్లకు సాధారణంగా నేరుగా సంతకం పెట్టదు. మధ్యస్థ ధ్రువపత్రం ఒకదానిని సృష్టించి దాని ద్వారా పెట్టిస్తుంది. ఈ విధంగా వెబ్‌సైటు నుండి మధ్యస్థం వరకు, మధ్యస్థం నుండి మూలం వరకు ఒక గొలుసు ఏర్పడుతుంది. పుట తెరిచిన ప్రతిసారి బ్రౌజరు ఈ గొలుసును పరిశీలించి కొన్ని ప్రశ్నలు వేస్తుంది. పత్రానికి గడువున్నదా? దానిపై ఉన్న పేరు, చిరునామా గడిలో ఉన్న పేరు ఒక్కటేనా? సంతకం చేసినవారు నమ్మదగినవారేనా? పత్రం మధ్యలో రద్దు కాలేదు కదా? హెచ్చరిక వచ్చినదంటే వీటిలో ఏదో ఒకదానికి సంతృప్తికరమైన సమాధానం లభించలేదన్నమాట. ఏ ప్రశ్న తప్పినదో ‘అడ్వాన్స్‌డ్’ అనే మాటను నొక్కితే తెలుస్తుంది. అక్కడ కనిపించే పొడవైన ఆంగ్ల సంకేతంలో ‘డేట్’ అని ఉంటే గడువు, ‘కామన్ నేమ్’ అని ఉంటే పేరు, ‘అథారిటీ’ అని ఉంటే సంతకం, ‘రివోక్డ్’ అని ఉంటే రద్దు. ఆ మాటను నొక్కి చదవడం వరకు దోషం లేదు. అక్కడనుండి లోనికి పోవడమే వేరు సంగతి.

గడియారం తప్పినప్పుడు

వినియోగదారుని వైపున కలిగే లోపాలలో ముందుగా చూడవలసినది కంప్యూటరు గడియారం. ప్రతి ధ్రువపత్రంపై అది ఎప్పటినుండి ఎప్పటివరకు చెల్లుతుందో రెండు తేదీలు ఉంటాయి. బ్రౌజరు వాటిని తానున్న యంత్రపు తేదీతో పోల్చి చూస్తుంది. యంత్రపు తేదీయే తప్పైతే నిర్దోషమైన పత్రం కూడా దోషిగా కనిపిస్తుంది. మేజాబల్ల కంప్యూటరులో మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళ ఆకారంలో ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు కూడా గడియారాన్ని నడిపించేది అదే. కొన్ని ఏళ్ళకు దాని శక్తి క్షీణిస్తుంది. అప్పటినుండి కరెంటు పోయి వచ్చినప్పుడెల్లా కంప్యూటరు తేదీ ఏ పదేళ్ళో పదిహేనేళ్ళో వెనుకకు పోతుంది. ఆ తేదీ నాటికి పత్రం ఇంకా పుట్టనే లేదు కనుక బ్రౌజరు దానిని అంగీకరించదు.

ఈ లోపాన్ని గుర్తించడానికి తేలికైన ఉపాయమున్నది. హెచ్చరిక ఒక్క వెబ్‌సైటుకు గాక తెరిచిన ప్రతి వెబ్‌సైటుకు వస్తున్నట్లయితే లోపం తన యంత్రంలోనో తన నెట్‌వర్కులోనో ఉన్నదని అనుమానించాలి. తెర మూలనున్న తేదీని, ముఖ్యంగా సంవత్సరాన్ని చూడాలి. తప్పైతే సరిచేసి, సమయాన్ని ఇంటర్నెట్ ద్వారా దానంతటదే సరిచేసుకొనే ఏర్పాటును ప్రారంభించి, బ్రౌజరును మూసి తిరిగి తెరవాలి. రోజూ ఇదే పునరావృతమైతే బ్యాటరీ మార్చవలసిందే. అది స్వల్ప వ్యయంతో తీరే పని.

సమయ మండలం కూడా సరిగా ఉండాలి. ధ్రువపత్రంపై ఉండే సమయాలు గ్రీన్‌విచ్ కాలమానాన్ని అనుసరించేవి. మీర్జాపూర్ సమీపం నుండి ఆంధ్రప్రదేశ్ మీదుగా సముద్రంలోకి సాగే 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశాన్ని బట్టి లెక్కించే మన కాలమానం దానికి అయిదున్నర గంటలు ముందున్నది. కనుక ‘ఈ రాత్రి 12 గంటలకు’ ముగిసే పత్రం మనకు మరునాటి తెల్లవారుజామున 5.30 గంటలకు ముగుస్తుంది. రాత్రి పనిచేసిన పుట ఉదయం కార్యాలయం తెరిచేసరికి పనిచేయకపోవడంలోని రహస్యం కొన్ని సందర్భాలలో ఇంతే. దేశంలోని కంప్యూటర్లన్నీ ఒకే కాలాన్ని పాటించడం నేడు భద్రతా విషయమైంది. న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల గాని, జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం గాని ఇచ్చే సమయంతో, లేదా వాటిని అనుసరించే సర్వర్లతో సంస్థలు తమ గడియారాలను సరిపోల్చుకొనాలని 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ సంస్థ ఆదేశించింది.

వినియోగదారుని గడియారం సరిగా ఉండి, ఒక్క వెబ్‌సైటుకే గడువు దోషం వస్తున్నదంటే ఆ సంస్థ తన పత్రాన్ని సకాలంలో పునరుద్ధరించుకొనలేదన్నమాట. ఇది పేద దేశాలకే పరిమితమైన అలసత్వం కాదు. అమెరికాలో ప్రభుత్వ కార్యకలాపాలు స్తంభించిన 2019 జనవరిలో, పునరుద్ధరించే ఉద్యోగులు విధులలో లేనందున అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్ల ధ్రువపత్రాలు 80కి పైగా గడువు మీరిపోయాయి. 2020 సెప్టెంబరు 1 నుండి కొత్త పత్రాల ఆయుర్దాయం 398 రోజులకు పరిమితమైంది. బ్రౌజరు నిర్మాతలు, ధ్రువీకరణ సంస్థలు కలిసి 2025 ఏప్రిల్‌లో చేసిన నిర్ణయం ప్రకారం 2026 మార్చి 15 నుండి 200 రోజులు, 2027 మార్చి 15 నుండి 100 రోజులు, 2029 మార్చి 15 నుండి 47 రోజులు గరిష్ఠ పరిమితులు. పత్రం ఎంత స్వల్పకాలికమైతే, దాని రహస్య తాళంచెవి దొంగల పాలైనప్పటికీ నష్టం అంత స్వల్పమని వారి వాదన. వాదన సహేతుకమైనదే. అయితే ఏటికొకసారి ఫైలు నడిపి, సంతకాలు సేకరించి పునరుద్ధరించే కార్యాలయాలు 47 రోజులకొకసారి ఆ పని చేయజాలవు. మానవ ప్రమేయం లేకుండా సర్వరే తన పత్రాన్ని తెచ్చుకొనే స్వయంచాలక పద్ధతిని అవి అవలంబించక తప్పదు.

పేరు కలవనప్పుడు

పేరు దోషం తరచుగా నిర్వాహకుల అజాగ్రత్త వలన కలుగుతుంది. చిరునామాకు ముందు ‘డబ్ల్యు’ అక్షరాలు మూడు ఉన్న పేరుకు పత్రం తీసుకొని, అవి లేని పేరును మరచిపోవడం ఇందుకు ఉదాహరణ. ఒక పేరు ముందు నక్షత్రపు గుర్తు ఉంచి, దాని క్రింది శాఖలన్నింటికీ కలిపి ఒకే పత్రం తీసుకొనే పద్ధతి ఉన్నది. కాని ఆ గుర్తు ఒక్క మెట్టుకే వర్తిస్తుంది. రాష్ట్రపు పేరు ముందు శాఖ పేరు ఉంటే చెల్లుతుంది. శాఖ పేరు ముందు మరొక చుక్క పెట్టి జిల్లా పేరు చేరిస్తే చెల్లదు.

రైల్వే స్టేషనులోనో వసతిగృహంలోనో వైఫైకి తగుల్కొన్నప్పుడు కనిపించే పేరు దోషం వేరు జాతికి చెందినది. అక్కడి నెట్‌వర్కు ముందుగా తన లాగిన్ పుటను చూపదలచి, వినియోగదారుడు కోరిన పుటకు అడ్డు తగులుతుంది. బ్యాంకు పుటను కోరినవాని ముందు వైఫై సంస్థ పత్రం నిలుస్తుంది. బ్రౌజరు దానిని మోసమనే భావిస్తుంది, భావించవలసిందే. ఎందుకనగా నిజమైన మోసగాడు చేసే పని కూడా సరిగా ఇదే. బ్యాంకు పుటను మూసివేసి, వైఫై సంస్థ లాగిన్‌ను పూర్తి చేసి, ఆ తరువాత బ్యాంకు చిరునామాను తిరిగి తెరిస్తే హెచ్చరిక తొలగిపోవాలి. తొలగకపోతే ఆ వైఫైని విడిచి సెల్‌ఫోను సొంత డేటాతో ప్రయత్నించాలి. సొంత డేటాతో పుట సవ్యంగా తెరుచుకొంటే లోపం వెబ్‌సైటుది కాదు, ఆ వైఫైది. అటువంటి వైఫై మీద ఏ పాస్‌వర్డూ టైపు చేయరాదు.

సంతకం మీదనే సందేహం వచ్చినప్పుడు

సంతకం దోషాలకు కారణాలు అనేకం. వాటిలో సామాన్యమైనది తెగిన గొలుసు. సర్వరు తన పత్రంతోపాటు మధ్యస్థ పత్రాన్ని కూడా పంపవలసి ఉండగా నిర్వాహకులు దానిని చేర్చరు. కొన్ని బ్రౌజర్లు తప్పిన లంకెను తామే వెదకి తెచ్చుకొంటాయి, కొన్ని తెచ్చుకొనవు. అందువలన కార్యాలయపు కంప్యూటరులో చక్కగా తెరుచుకొన్న పుట గ్రామంలోని రైతు ఫోనులో తెరుచుకొనదు. ‘మా దగ్గర బాగానే వస్తున్నది’ అని నిర్వాహకులు ఇచ్చే సమాధానం నిజమే కావచ్చు, కాని అది ఫిర్యాదుకు జవాబు కాదు.

పాత ఫోన్లలోని విశ్వాస పట్టికలు పాతబడిపోవడం మరొక కారణం. ఉచితంగా పత్రాలిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ తొలినాళ్ళలో ఆధారపడిన వేరొక సంస్థ మూల ధ్రువపత్రానికి 2021 సెప్టెంబరు 30న గడువు తీరింది. ఆనాడు కొత్త మూలాన్ని ఎరుగని పాత యంత్రాలు అనేకం ఉన్నట్టుండి మంచి వెబ్‌సైట్లను కూడా నిరాకరించసాగాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌ను తాజాపరచడమే దీనికి మందు. అది వీలుకాని యంత్రాలలో, సొంత పట్టికను వెంటబెట్టుకొని వచ్చే ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజరు ఉపకరిస్తుంది. ఒకే పుటను రెండు వేర్వేరు బ్రౌజర్లలో తెరిచి చూడడం ఈ కారణంగానే మంచి పరీక్ష. ఇక సంస్థ తన పత్రంపై తానే సంతకం చేసుకొనే పద్ధతి కార్యాలయపు లోపలి పనులకు సరిపోవచ్చునేమో గాని, ప్రజలు వచ్చే వెబ్‌సైటుకు ఎంతమాత్రం తగదు.

పట్టికలో పేరున్న సంస్థయే తప్పు సంతకం చేస్తే ఏమగును? ఈ ప్రశ్న ఊహాజనితం కాదు. 2011లో నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ అనే ధ్రువీకరణ సంస్థలోకి దుండగులు చొరబడి, గూగుల్ మొదలైన పేర్లతో 500కు పైగా దొంగ పత్రాలు సృష్టించారు. ఇరాన్‌లోని వినియోగదారుల ఉత్తరాలపై నిఘా వేయడానికి అవి ఉపయోగపడ్డాయి. బ్రౌజర్లన్నీ ఆ సంస్థను తమ పట్టికల నుండి తొలగించాయి. ఆ సెప్టెంబరులోనే అది దివాలా తీసింది.

మూడేళ్ళ తరువాత ఇటువంటి అనుభవమే మన దేశానికి కలిగింది. సమాచార సాంకేతిక చట్టం, 2000 క్రింద దేశంలోని ధ్రువీకరణ సంస్థలకు అనుమతి ఇచ్చి పర్యవేక్షించే అధికారిని కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ అంటారు. దేశీయ మూల ధ్రువపత్రం ఆ కార్యాలయానిది. దాని క్రింద జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రానికి మధ్యస్థ ధ్రువపత్రాలు ఉండేవి. గూగుల్‌కు చెందిన కొన్ని పేర్లపై ఆ కేంద్రం నుండి అనధికార పత్రాలు వెలువడినట్లు 2014 జూలై 2న గూగుల్ గుర్తించి తెలియజేసింది. మరునాడే కంట్రోలర్ కార్యాలయం ఆ కేంద్రపు మధ్యస్థ ధ్రువపత్రాలను రద్దు చేసింది. పత్రాల జారీ ప్రక్రియలోకి ఇతరులు చొరబడినట్లు, నాలుగు పత్రాలు తప్పుగా జారీ అయినట్లు విచారణలో తేలిందని ప్రకటించారు. వాటిలో మూడు గూగుల్ పేర్లవి, ఒకటి యాహూ పేర్లది. ఆ నాలుగింటిలో లేని తప్పుడు పత్రాలు కూడా తమకు కనిపించాయనీ, కనుక చొరబాటు ఎంతవరకు పోయినదో తెలియరాదనీ గూగుల్ వాదించింది. భారతీయ మూల ధ్రువపత్రం క్రింద వచ్చే పత్రాలను తన క్రోమ్ బ్రౌజరులో ప్రభుత్వ, విద్యా, బ్యాంకింగ్ రంగాల వెబ్‌సైట్లు చేరిన ఏడు పేర్ల పరిధికి పరిమితం చేయనున్నట్లు ప్రకటించింది. ఫైర్‌ఫాక్స్ పట్టికలో భారతీయ మూలం లేనందున దాని వినియోగదారులకు ఈ ముప్పు లేకపోయింది.

ఈ ఉదంతంలో గమనించదగిన విషయమొకటి ఉన్నది. మధ్యస్థ పత్రం రద్దయిన క్షణంలో దాని క్రింద సక్రమంగా జారీ అయిన పత్రాలన్నీ కూడా చెల్లని కాగితాలైపోతాయి. గెజిటెడ్ అధికారి ముద్ర దొంగిలింపబడితే ఆయన నిజంగా చేసిన సంతకాలను కూడా ఎవరూ నమ్మరు. చట్టం ఇచ్చే అధికారం వేరు, బ్రౌజర్ల పట్టికలో స్థానం వేరు. మొదటిది దేశపు సరిహద్దులలో తిరుగులేనిది. రెండవదానిని తనిఖీల ద్వారా నిత్యం నిలుపుకొంటూ రావలసి ఉంటుంది. దేశీయ మూల ధ్రువపత్రాన్ని తనలో చేర్చుకొన్న స్వదేశీ బ్రౌజరు కావాలన్న ఆలోచనతో కేంద్ర ప్రభుత్వం 2023లో ఒక పోటీని నిర్వహించగా, 2025 మార్చిలో జోహో సంస్థను విజేతగా ప్రకటించింది. స్వదేశీ పట్టిక ఉండడం అభిలషణీయమే. అయితే 2014లో విఫలమైనది పట్టిక కాదు, దానిలోనివారి తాళాల కాపుదల.

తెలుగు ప్రాంతానికి ఈ వ్యవస్థతో ప్రత్యక్ష సంబంధమున్నది. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదులో నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ, ఐడీఆర్‌బీటీ, బ్యాంకుల అవసరాలకు ధ్రువీకరణ సంస్థగా అనుమతి పొందింది. దేశంలోని బ్యాంకులన్నీ ‘బ్యాంక్ డాట్ ఇన్’ అనే ముగింపుగల పేర్లకు 2025 అక్టోబరు 31 లోగా మారాలని రిజర్వు బ్యాంకు నిర్దేశించినప్పుడు, ఆ పేర్లను నమోదు చేసే బాధ్యతను ఈ సంస్థకే అప్పగించింది. బ్యాంకు కాని వారికి ఆ ముగింపు లభించదు. ధ్రువపత్రం సరిగా ఉన్నంత మాత్రాన వెబ్‌సైటు యజమాని నిజాయితీపరుడని అర్థం కాదు. పేరులో ఒక్క అక్షరం మార్చి పెట్టుకొన్న మోసగాడు కూడా ఆ పేరుకు నిక్షేపంగా పత్రం పొందగలడు. అందుచేతనే క్రోమ్ బ్రౌజరు 2023లో చిరునామా ప్రక్కనుండే తాళం బొమ్మను తీసివేసింది. పత్రం పేరును మాత్రమే రుజువు చేస్తుంది. ఆ పేరు తనకు కావలసినదేనా అని చదివి చూచుకొనడం వినియోగదారుని వంతు.

ముందుకు పోవచ్చునా?

హెచ్చరికను దాటిపోయిన తరువాత కూడా సంభాషణ గుప్తంగానే సాగుతుంది గదా అని కొందరు సమాధానపడతారు. అది నిజమే. కాని ఎవరితో సాగుతున్నదో తెలియదు. ఉత్తరానికి లక్క ముద్ర గట్టిగా వేసి, ఎదుట నిలిచిన అపరిచితుని చేతికి ఇచ్చినట్లుంటుంది. ఆధార్ సంఖ్య, పాస్‌వర్డు, బ్యాంకు వివరాలు, ఓటీపీ కోరే పుట అయితే ఎట్టి పరిస్థితిలోను ముందుకు పోరాదు. కొన్ని వెబ్‌సైట్లకు దాటిపోయే మార్గమే బ్రౌజరు చూపదు. మాతో ఎప్పుడూ సురక్షిత మార్గంలోనే మాట్లాడవలెనని ఆ వెబ్‌సైట్లు ముందే బ్రౌజరుకు చెప్పి ఉంచడం అందుకు కారణం. అది బ్రౌజరు లోపం కాదు. ఎవరో చెప్పినారని తెలియని మూల ధ్రువపత్రాన్ని కంప్యూటరులో ప్రతిష్ఠించుకొనడం ఇంకను ప్రమాదకరం. దానితో ఒక్క వెబ్‌సైటుకు గాక, ఆ పత్రపు యజమాని సంతకం చేసే సకల వెబ్‌సైట్లకు తలుపు తెరిచినట్లవుతుంది.

దరఖాస్తు గడువు ఆ రోజే ముగుస్తున్నదనే ఒత్తిడి సామాన్యుని తొందరపెడుతుంది. అతనికి అందుబాటులో ఉన్న పరీక్షలు పది నిమిషాలలో పూర్తవుతాయి. తేదీ చూచుకొనడం, వేరొక వెబ్‌సైటు తెరిచి చూడడం, వేరొక బ్రౌజరులో చూడడం, వైఫై విడిచి ఫోను డేటాతో చూడడం. ఇవన్నీ జరిగిన తరువాత కూడా హెచ్చరిక నిలిచి ఉంటే లోపం ఆ కార్యాలయానిదే. అప్పుడు తెరపై ఉన్న సంకేతం, పత్రంపై ఉన్న పేరు, గడువు తేదీ, జారీ చేసిన సంస్థ పేరు కనిపించేటట్లు ఫోటో తీసి, సమయం వ్రాసి, ఆ కార్యాలయపు సహాయ కేంద్రానికి పంపాలి. గడువు పొడిగింపు కోరవలసి వచ్చినప్పుడు ఆ ఫోటోయే ఆధారం. పొరపాటున పాస్‌వర్డు ఇప్పటికే ఇచ్చి ఉన్నవారు మరొక నమ్మకమైన యంత్రం నుండి దానిని వెంటనే మార్చాలి. బ్యాంకు ఖాతా నుండి డబ్బు పోయినట్లు తెలిసిన వెంటనే బ్యాంకుకు, సైబర్ మోసాల ఫిర్యాదులకై దేశవ్యాప్తంగా పనిచేసే 1930 నంబరుకు ఫోను చేయాలి.